మా సరోజ మంచిపిల్లగా ఉన్న ఏడాది

సుబేదారిలో ఆ పళ్ళ డాక్టరు గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలితో పాటు లవంగ నూనె వాసన బయటికి వచ్చి, వరసగా కూర్చున్న మా అందరి మీదుగా పోయి, మెట్ల దగ్గర ఎక్కడో ఆగిపోతోంది. గోడకున్న టీవీలో రంగురంగుల జంతువులు గంతులు వేస్తున్నాయి, వాటిని చూసి నవ్వాల్సిన పిల్లలు మాత్రం ఒక్కరూ నవ్వడం లేదు. ఒకడు బుగ్గకు చేయి ఆనించుకొని తల్లి భుజం మీద వాలిపోయాడు, ఇంకొకతె తల్లి చున్నీ అంచు నోట్లో కుక్కుకొని కూర్చుంది. నా పక్కన నా కొడుకు, నా ఒళ్ళో వాడి కూతురు అన్వి. దానికి ఇంకా ఐదేళ్ళు నిండలేదు. దారి పొడుగునా అన్న మాటనే నా కొడుకు అక్కడ కూడా మళ్ళీ అన్నాడు. “పాలపండ్లే గద బాపు. ఎట్లనన్న ఊడిపోయేటియే. ఇంత చిన్న పొల్లను ఆ కుర్చీల కూసోబెట్టుడు అవసరమా?”

పాలపండ్లే గద అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాడు పెద్ద చదువు చదివినవాడు, ఇంట్లో కూర్చొనే దేశదేశాల వాళ్ళతో మాట్లాడి జీతం తెచ్చుకునేవాడు. నేను బడి మధ్యలో మానేసి దుకాణంలో కూర్చున్నవాణ్ణి. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లను, పొట్లం కట్టేలోగా చదువుకొని నేర్చుకున్నవే. సగం వార్త చదివేసరికి ఆ కాగితం బెల్లంతో సహా గిరాకీ చేతికి పోయేది, మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆ రోజంతా నేనే ఊహించుకునేవాణ్ణి. అట్లా సగం సగం చదువుకున్నవాడికి తెలిసిన సంగతి పూర్తిగా చదువుకున్నవాడికి ఎందుకు తెలియదని నా కోపం.

కొన్ని నెలలుగా అన్వి అన్నం ముద్దను బుగ్గన పెట్టుకొని, ఫోను చూస్తూ, మింగకుండా అట్లాగే కూర్చుంటోంది. ఆడుకోవడానికి కిందికి పొమ్మంటే పోదు. బడిలో టీచరమ్మ ఇంత కామ్‌గా ఉండే పిల్లను చూడలేదని మా కోడలితో చెప్పిందట, మా బిల్డింగులో వాళ్ళూ అదే అన్నారు, మా వాళ్ళు మురిసిపోయారు. నేను మాత్రం ఆ మెచ్చుకోలు వినగానే లేచాను. పిల్లను బాల్కనీలో ఎండలోకి తీసుకుపోయి నోరు తెరువమన్నాను. తెరువలేదు. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఇంకేమీ చూడకుండానే నాకు సంగతి అర్థమైంది, ఎందుకంటే అట్లా బిగించిన పెదవులను నేను చిన్నప్పుడు ఒక ఏడాది పాటు చూశాను. అవి మా చెల్లె సరోజవి.

మాది వరంగల్ బజారులో బెల్లం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెసంచి పరదా, అంతే. ఇప్పటి పిల్లలు కాలాలను సెలవులను బట్టి గుర్తుపెట్టుకుంటారు కానీ మేము బెల్లాన్ని బట్టి గుర్తుపెట్టుకునేవాళ్ళం. చలికాలంలో కొత్త బెల్లం బండ్లు వచ్చేవి, ఎడ్ల మెడల గంటలు వినబడగానే మేము పరుపులు వదిలి రోడ్డు మీదికి ఉరికేవాళ్ళం, ఇంకా లోపల వెచ్చదనం ఉన్నట్టుండే ఆ కొత్త దిమ్మలు దించుతుంటే బజారంతా చెరుకురసం కాగుతున్న వాసన వచ్చేది. ఎండాకాలంలో అవే దిమ్మలు రాళ్ళయిపోయి, నాయిన సుత్తెతో కొడితే తునకలు ఎగిరి ఎక్కడెక్కడో పడేవి, వాటి కోసం మేము గోలీల ఆట మధ్యలో వదిలి పరుగెత్తేవాళ్ళం. వానాకాలం వచ్చిందంటే బెల్లం చెమర్చి, కరిగి, చాపల మీద నల్లగా కారి, చీమలకూ మాకూ సమానంగా పండుగయ్యేది. మా లాగుల జేబులు ఎప్పుడూ జిగటగా ఉండేవి. వాటిని ఉతికేటప్పుడు మా అమ్మ తిట్టిన తిట్లు, ఎదురింటి వాళ్ళ కోళ్ళకు కూడా నోటికి వచ్చేసి ఉంటాయి.

ఆ ఇంటికి రాణి మా నాయినమ్మ. సన్నగా, పొడుగ్గా, నడుముకు తాళంచెవుల గుత్తితో, ఎర్రటి నోటితో తిరిగేది. జీవితమంతా తమలపాకు నమిలినా ఆమె పన్ను ఒక్కటి కదలలేదు, పోకచెక్కను కటుక్కున కొరికి సగం మా తాత చేతిలో పెట్టేది. పొద్దున్నే అరుగు మీద కూర్చొని వేపపుల్ల నములుతూ దారిన పోయేవాళ్ళందరి క్షేమం కనుక్కోవడం ఆమెకు అలవాటు. పుల్ల ఒక బుగ్గన, పలకరింపు ఒక బుగ్గన. పెద్దవాళ్ళంతా ఆమెకు అటూ ఇటూ కూర్చొని పళ్ళు తోముకునేవాళ్ళు. పిల్లలకు మాత్రం ఆ అరుగు మీద పుల్ల ఇచ్చేవాళ్ళు కాదు. అది మా ఇంటి పద్ధతి, మా వాడకట్టు పద్ధతి కూడా. పాలపన్ను ఊడాలి, దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసరాలి, ఆ మర్నాడు నాయినమ్మ తన చేత్తో లేత పుల్ల విరిచి ఇవ్వాలి, అప్పుడు గానీ పిల్లవాడు పళ్ళు తోముకునే మనిషి కాడు. నాకు మొదటి పుల్ల ఇచ్చిన పొద్దున నేను దాన్ని నోట్లో పెట్టుకొని, చేదుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఉమ్మకుండా, చూసేవాళ్ళు చూడాలని బజారు చివరిదాకా నడిచి వచ్చాను. అంతవరకూ పాలపళ్ళకు నీళ్ళు పుక్కిలిస్తే చాలు, అది కూడా గుర్తొస్తేనే. ఊడిపోయేవాటికి సేవలెందుకని పెద్దవాళ్ళ లెక్క.

ఇది చాలదన్నట్టు మా ఇంట్లో చీకుగుడ్డ అని ఒకటుండేది. బెల్లం దుకాణం వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అంత ధారాళంగా తోచని ఉపాయం అది. పాతబడి మెత్తబడిన మల్లు పంచె ముక్కలో బెల్లం తునక ఒకటి మూటకట్టి, నీళ్ళలో ముంచి పసిపిల్ల నోట్లో పెడితే, పిల్ల దాన్ని చీకుతూ గంటలు గంటలు ఏడవకుండా పడుకునేది. దుకాణంలో గిరాకీ ఉన్నప్పుడు అమ్మకూ నాయినమ్మకూ చేతులు ఖాళీ ఉండవు, ఉయ్యాలలో పిల్ల ఊరుకోవాలి కదా. మేమంతా దాన్ని చీకినవాళ్ళమే కానీ, మూడు కాన్పుల తర్వాత పుట్టిన ఒక్క ఆడపిల్ల అని సరోజకు అందరికన్నా ఎక్కువ కాలం, ఎక్కువ ముద్దుగా దొరికింది. నడిచే వయసు వచ్చినా చీకుగుడ్డ నోట్లో పెట్టుకొనే నిద్రపోయేది. నాయినమ్మ దాని కోసం మంచి రంగున్న తునకలు ఏరి విడిగా పెట్టేది.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం సరోజ నోరు మూసిన పిల్ల కాదు. మాటలు రాకముందే మాట్లాడింది, వచ్చాక ఆగలేదు. బండి ఎడ్లతో మాట్లాడేది, గోడ మీది బల్లితో కొట్లాడేది, గిరాకీ వాళ్ళు నాయినను ధర అడిగితే మధ్యలో దూరి మీకెందుకింత, పెండ్లా అని వాళ్ళనే ఎదురు అడిగేది. బతుకమ్మ పండుగ వస్తే వాకిట్లో ఆడవాళ్ళ మధ్య దూరి, పాట రాకపోయినా “ఉయ్యాలో” అనే చోట మాత్రం అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అందుకునేది. ఇది ఎవరి గొంతు అని అవతలి వీధి వాళ్ళు అడిగితే మా నాయినమ్మ మా మనుమరాలిదని చెప్పుకొని మురిసేది.

దానికి ఐదేళ్ళు వచ్చిన చలికాలంలో సరోజ మారిపోయింది. ముందుగా మేము గమనించింది సకినాల దగ్గర. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్ల గుడ్డ మీద చుట్లు చుట్లుగా అల్లి, నూనెలో వేయించిన ఆ సకినాలు నోట్లో పటపటలాడకపోతే మా ఇంట్లో వాటిని సకినాలే అనేవాళ్ళు కాదు. సరోజ తన వాటా సకినాలను గిన్నెతో సహా పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది. నాయినమ్మ చేతులు జోడించి, పోయిన జన్మలో దానకర్ణుడైన ఎవరో మా ఇంట్లో పుట్టారన్నది. తర్వాత కొన్నాళ్ళకు నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది సిగ్గన్నారు. మాటలు తగ్గించింది, అది నెమ్మదన్నారు. అన్నం మజ్జిగలో పిసికి తాగి లేచిపోయేది, జిహ్వచాపల్యం లేని పిల్ల అన్నారు. మేము అన్నదమ్ములం ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటే అది ఒక మూల అచ్చనగండ్లు ఆడుకుంటూ, ఎగరేసిన రాయి పట్టుకోవడం మరిచిపోయి అట్లాగే చూస్తూ కూర్చునేది. దానిని చూసి నేర్చుకొమ్మని మా వీపులు మోగేవి.

ఆ ఎండాకాలం పాలకుర్తిలో చుట్టాల పెండ్లికి పోయాం. గుట్ట కింద పందిట్లో ఆడవాళ్ళంతా సరోజ చుట్టూ చేరారు. లడ్డూలు పంచితే వద్దంది, బూందీ ఇస్తే పిడికిట్లో పట్టుకొని కూర్చుంది, ఎంత పలకరించినా చేయి అడ్డం పెట్టుకొని తల ఊపిందే తప్ప మాట లేదు. పెండ్లికొడుకు మేనత్త ఒకావిడ తన కూతుళ్ళ వంక చూసి, ఆడపిల్లంటే గిట్లుండాలె అని అందరికీ వినిపించేలా చెప్పింది. ఆ మాట మా నాయినమ్మ బస్సులో వరంగల్ దాకా మూటకట్టుకొని తెచ్చి, బజారులో ఇంటింటికీ పంచింది. ఆ ఎండల్లో మేము తాటిముంజల మీద పడి మోచేతుల దాకా నీళ్ళు కార్చుకుంటూ తిన్నాం, బండి మీద వచ్చే ఐసు పుల్లల కోసం చెప్పులు లేకుండా పరుగెత్తాం. సరోజ ఐసును ఒక్కసారి నోటికి ఆనించుకొని, ఒళ్ళంతా జలదరించి, దాన్ని నా చేతిలో పెట్టి పోయింది. నేను రెండు చేతుల్లో రెండు పుల్లలతో, మా చెల్లె ఎంత మంచిదో అనుకుంటూ తిన్నాను.

బడి తెరిచాక దాన్ని నా వెంట పంపారు. పలక మీద అక్షరాలు చక్కగా దిద్దేది కానీ అప్పజెప్పమంటే నోరు విప్పేది కాదు. పంతులు మొదట ముద్దుగా, తర్వాత గట్టిగా అడిగి చూసి, చివరికి గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. నిలబడింది, ఏడవలేదు. ఆ సంగతి నేను ఇంట్లో చెబితే, చూడు ఎంత ఓర్పో అని దానికీ ఒక మెచ్చుకోలు దొరికింది. పిల్ల మెడ సన్నబడింది, గౌను భుజాల మీద నుంచి జారుతోంది, రాత్రిళ్ళు నిద్ర లేక పొద్దున కళ్ళు వాచి ఉండేవి. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు, మెడకు నల్లదారం కట్టారు, నడుముకు తాయెత్తు కట్టారు. తల నుంచి కాళ్ళ దాకా అన్నీ చూశారు. నోట్లోకి మాత్రం ఎవరూ చూడలేదు. చిన్నపిల్లల నోట్లో చూడ్డానికేముంటుంది, పాలపళ్ళే కదా.

వానలు పడ్డాక ఒక పొద్దున సరోజ ఎడమ బుగ్గ బూరెలా ఉబ్బి లేచింది. గవదబిళ్ళలని నాయినమ్మ ఒక్క చూపుకే తేల్చేసి, బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళలో కలిపి బుగ్గంతా పట్టించింది. సగం ముఖం నీలంగా, సగం ముఖం మామూలుగా ఉన్న ఆ పిల్లను చూడ్డానికి బజారు పిల్లలంతా దుకాణం ముందు మూగారు. వాళ్ళకు పంచిన బెల్లం తునకలతో నాయినకు ఆ రోజు నష్టమే. రెండు మూడు రోజులకు వాపు తగ్గింది, నాయినమ్మ వైద్యం గెలిచింది. నీలం మాత్రం పోలేదు.

నీలం ఇంకా అట్లా ఉండగానే ఒక సాయంత్రం, వాన కురిసి వెలిసి, పెంకుల అంచుల నుంచి చుక్కలు కారుతుండగా, నర్సంపేట వైపు నుంచి వచ్చిన బండివాడొకడు మాకు లేత మక్కకంకులు ఇచ్చి పోయాడు. అమ్మ కుంపటి అరుగు మీదికి తెచ్చి బొగ్గుల మీద కంకులు తిప్పుతోంది, గింజలు పటపటమంటున్నాయి, కాలిన పాల వాసన, తడి మట్టి వాసన, ఉప్పూ కారమూ అద్దిన నిమ్మచెక్క వాసన అన్నీ కలిసి మా అన్నదమ్ములకు మతిపోతోంది. ఎవరికి పెద్ద కంకి అని జుట్లు పట్టుకుంటున్నాం. సరోజకూ ఒకటి ఇచ్చారు. అందరం కంకిని అడ్డంగా నోట్లో పెట్టి వరసలు వరసలు కొరుకుతుంటే, అది మాత్రం బొటనవేలితో ఒక్కొక్క గింజ ఒలిచి ఒళ్ళో పోసుకుంటోంది. గింజలన్నీ ఒలిచింది. ఒక గింజ నోట్లో వేసుకొని, నాలుకతో ఇటు తిప్పి, అటు తిప్పి, నమలకుండానే మింగేసింది. ఇంకొకటి వేసుకుంది. ఈసారి ఎక్కడ తగిలిందో, చప్పుడు చేయకుండా కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కారుతూనే నవ్వినట్టు ముఖం పెట్టి, మిగిలిన గింజలు మా వైపు తోసింది.

అమ్మ కంకి తిప్పడం ఆపేసింది. నాకు అమ్మ ముఖం ఇప్పటికీ కనిపిస్తుంది, బొగ్గుల వెలుగు ఒక చెంప మీద పడుతోంది. లేచి పిల్లను ఎత్తుకొని వెలుతురు ఉన్న చోటికి తెచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకొని నోరు తెరువు బిడ్డా అన్నది. సరోజ తెరువలేదు. బతిమాలింది, తెరువలేదు. చివరికి అమ్మ చిటికెన వేలు మెల్లగా పెదవుల మధ్య పెట్టి తెరిచింది. మేము అమ్మ భుజం మీదుగా వంగి చూశాం. ముందు పళ్ళు లేవు, వాటి చోట గోధుమరంగు మొద్దులున్నాయి. వెనక దవడ పళ్ళు, మా దుకాణంలో ఎలుకలు తొలిచిన బెల్లం దిమ్మల్లాగా లోపలికి గుంటలు పడి ఉన్నాయి. చిగుళ్ళ మీద తెల్లటి పొక్కు ఉంది. మా అన్న చేతిలో కంకి కింద పడింది.

నాయినమ్మ కూడా వచ్చి చూసి, తన మాట తను అన్నది. “పాలపండ్లే గదనే. ఇయ్యాల గాకుంటె రేపు ఊడిపోతయ్. గింతదానికి పరేషానెందుకు?” మా అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి అత్తకు ఎదురు మాట చెప్పింది లేదు. ఆ సాయంత్రం చెప్పింది, గొంతు పెంచకుండానే.

“ఊడిపోయేదాంక ఆకలి ఆగుతదా అత్తమ్మా?”

మర్నాడు పెద్ద దవాఖానకు పోయాం. పంటి పురుగులు తీసే ఆడవాళ్ళు వస్తారు, వాకుడు గింజల పొగ పెడితే పోతుంది అని నాయినమ్మ అంటూనే ఉంది కానీ, అమ్మ రిక్షా ఎక్కి కూర్చుంది. మనుమరాలిని తను లేకుండా పంపడానికి మనసొప్పక నాయినమ్మా ఎక్కింది, కాళ్ళ దగ్గర నేనూ ఎక్కాను. దవాఖానలో పళ్ళ డాక్టరు నడివయసు మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకొని, సగం నీలంగా ఉన్న సరోజను చూసి ఏమీ అడగకుండా నవ్వాడు. అక్కడే మొదటిసారి నాకు ఆ లవంగ నూనె వాసన తగిలింది. మా పిల్ల నెమ్మదిగల్లది, సూది వేసినా ఏడవదు, చుట్టాలంతా మెచ్చుకుంటారని నాయినమ్మ గర్వంగా చెప్పింది. డాక్టరు సరోజను ఏ పన్ను నొప్పి అని అడిగాడు. అది నోరు విప్పకుండా వేలితో బుగ్గ మీద ఒక చోట చూపించింది. ఇంకేమన్నా అని అడిగితే ఇంకొక చోట చూపించింది. అట్లా ముఖం చుట్టూ వేలు తిప్పుతూ పోయింది. డాక్టరు నవ్వు మానేసి, చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసి, నాయినమ్మ వైపు తిరిగాడు.

“పెద్దమ్మా, మీ పిల్ల నెమ్మదిగల్లది గాదు. నొస్తాందని నోరు మూసుకున్నది.”

 నాయినమ్మ సరోజ ముందు కూర్చొని, దాని రెండు చేతులూ పట్టుకొని అడిగింది, “నొస్తాంటె చెప్పద్దానె బిడ్డా? ఇంటినిండ మందిమి ఉంటిమి గద.”

సరోజ ఆమెను చూసింది. ఆ ఏడాదిలో అది అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

“అందరు నన్ను మంచిపిల్ల అంటాండ్రు గద.”

నాయినమ్మ నోట్లో ఉన్న తమలపాకు నమలడం ఆగిపోయింది. లేచి బయటికి పోయి, ఉమ్మి, నల్లా కింద నోరు కడుక్కొని వచ్చి, కుర్చీ పక్కన నిలబడింది. డాక్టరు మత్తు సూది వేసి పుచ్చిన పళ్ళు తీస్తున్నంతసేపూ పిల్ల తల మీద నుంచి చేయి తీయలేదు. సరోజ ఏడిచింది. ఏడాది ఏడుపూ దాచిపెట్టుకున్నట్టు, వరండా చివర కూర్చున్న వాళ్ళు లేచి వచ్చి చూసేటట్టు ఏడిచింది. ఏడువు బిడ్డ, గట్టిగ ఏడువు అని నాయినమ్మ అంటూనే ఉంది.

తిరిగి రెండు మూడుసార్లు పోవలసి వచ్చింది. ఆ తర్వాత సంగతి ఏమని చెప్పను, మా ఇంట్లో పుణ్యాత్మురాలు మాయమైపోయింది. పుండు మానగానే సరోజ పక్కింటికి పోయి, చలికాలంలో ఇచ్చిన సకినాలు తిరిగి ఇమ్మని గిన్నె పెట్టుకొని కూర్చుంది. బడిలో పాఠం అప్పజెప్పమంటే తనదే కాకుండా పక్కవాళ్ళది కూడా చెప్పి, ఈసారి ఆ నేరానికి గోడ వైపు నిలబడింది, నిలబడి గోడతో మాట్లాడింది. ముందు పళ్ళు లేనందున ప్రతి మాట వెంట చిన్న ఈల ఒకటి వచ్చేది, బండి ఎడ్లు ఆ ఈలకు చెవులు తిప్పేవి. నేనూ అదీ చిర్రగోనె ఆడుతుంటే దొంగాట ఆడి, పట్టుకుంటే నా చేయి కొరికింది. ఉన్న నాలుగు పళ్ళతోనే అయినా గాటు పడింది, అది చూసి మా అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మా వాకిట్లో నిలబడి ఎదురింటావిడ, ఏమైందవ్వా మీ పొల్లకు, మొన్నటిదాంక మంచిగుండె అని అడిగితే, నాయినమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, మొన్నటిదాంక మంచిగ లేకుండెనే, ఇప్పుడు మంచిగైంది అన్నది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ నా కళ్ళ ముందు నుంచి పోదు. తంగేడు పూలు, గునుగు పూలు ఇల్లంతా కుప్పలు పోసి, గునుగుకు రంగులు అద్ది ఎండలో ఆరబెట్టి, పెద్ద తాంబాలంలో వరసలు వరసలుగా పేరుస్తుంటే మా చేతులన్నీ ఆకుపచ్చగా, గులాబీరంగుగా మారిపోయాయి. చివరి రోజైన సద్దుల నాడు చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పెరుగన్నం, రొట్టె విరిచి బెల్లమూ నెయ్యీ వేసి పిసికిన మలీద ముద్దలు గిన్నెల్లోకి ఎక్కాయి. సరోజ గౌను రంగుకు సరిపోయే రిబ్బన్లు కట్టుకొని ఆడవాళ్ళ మధ్యకు దూరింది. “ఉయ్యాలో” దగ్గరికి రాగానే అందరికన్నా ముందు అందుకుంది, పాట ఒక దారి, దాని ఈల ఒక దారి. చప్పట్లు కొట్టాల్సిన ఆడవాళ్ళు నవ్వలేక వంగిపోయారు. చలికాలం నుంచి దాని గొంతు వినబడలేదని అవతలి వీధి నుంచి వచ్చిన ముసలామె ఒకతె, వచ్చిందమ్మా వచ్చింది అని దాని బుగ్గలు పుణికింది. తర్వాత మలీద పంచినప్పుడు సరోజ ముద్దంతా ఒకేసారి నోట్లో పెట్టుకొని, రెండు బుగ్గలూ ఉబ్బించి, నములుతూ నా వైపు చూసింది. నాకు పెట్టలేదు.

నాయినమ్మ మాత్రం ఊరికే ఉండలేదు. ఇంట్లో ఉన్న చీకుగుడ్డలన్నీ వెతికి తీసి పొయ్యిలో వేసింది. పొద్దున అరుగు మీద ఇప్పుడు పిల్లలందరికీ పుల్లలు, పాలపళ్ళ వాళ్ళకైతే మరీ లేతవి, కొన రాతితో నలగ్గొట్టి కుంచెలాగా చేసి ఇచ్చేది. తోముకున్నాక ఒక్కొక్కరూ సూర్యుడికి ఎదురుగా నిలబడి నోరు తెరవాలి, ఆమె కళ్ళు చికిలించి వేలు పెట్టి చూడాలి. కొన్నాళ్ళకు వాడకట్టు పిల్లలంతా ఆ వరసలోకి వచ్చారు. కొందరిని తల్లులు లాక్కొచ్చేవాళ్ళు. దుకాణానికి వచ్చే పిల్లలకు కొసరుగా బెల్లం తునక పెట్టడం మాకు ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. ఇప్పుడు తునక తిన్న పిల్ల అక్కడే చెంబు నీళ్ళతో పుక్కిలించి పోవాలని ఆమె శాసనం పెట్టింది. చంటిపిల్ల తల్లి ఎవరైనా బెల్లం కొంటే, పిల్ల నోట్లో గుడ్డకట్టి పెట్టకు తల్లీ, నా మనుమరాలి సంగతి చెప్పనా అని మొదలుపెట్టేది. వెనక గిరాకీ వాళ్ళు నిలబడి ఉండేవాళ్ళు. నాయిన ఓర్చి ఓర్చి ఒకనాడు, అవ్వా, మన దుకాణంల ఉన్నది బెల్లమేనే, జర యాదికుంచుకో అన్నాడు. యాదికున్నది గాబట్టే నోరు కడుక్కోమంటాన్న అని ఆమె చెంబు నింపడానికి లోపలికి పోయింది.

ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బెల్లం ప్లాస్టిక్ కవర్లలో చదరపు బిళ్ళలై వస్తోంది, దానికి కాలాలు లేవు, వానకు చెమర్చదు, చీమలు కూడా దాని జోలికి పోవు. అరుగులు రోడ్డులో కలిసిపోయాయి, పొద్దుటి ఎండలో పిల్లల నోరు తెరిపించి చూసే ముసలివాళ్ళూ పోయారు. పోనిది ఆ తప్పు ఒక్కటే. పిల్లలు చీకుగుడ్డకు బదులు చక్కెర వేసిన పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోతున్నారు, మధ్యలో బిస్కెట్లు, రంగు నీళ్ళ డబ్బాలు. పిల్ల ఏడవకుండా ఫోను ఒకటి చేతిలో. అప్పుడు మా ఇంట్లో ఒక నాయినమ్మ తెలియక మెచ్చుకుంది. ఇప్పుడు బడి మెచ్చుకుంటోంది, బిల్డింగు మెచ్చుకుంటోంది. గలగలలాడాల్సిన వయసులో పిల్ల చప్పుడు చేయకుండా కూర్చుంటే మెచ్చుకోవడమేమిటయ్యా, నోరు తెరిచి చూడాలి గానీ. సుబేదారి డాక్టరమ్మ కూడా అన్వి నోరు చూసి మా కొడుకుతో అదే చెప్పింది. పాలపళ్ళు పుచ్చితే వాటి కింద రాబోయే పళ్ళకూ చేటు అనీ, అంతకన్నా ముందు పిల్ల తిండికీ నిద్రకూ ఆటకూ చేటు అనీ. వాడు ఆ మాటలు తలవంచి విన్నాడు. నేను చెప్తే వినలేదు, పోనీ, విన్నాడు కదా.

ఒక పన్ను తీసి, మిగతా వాటిలో మందు నింపారు. అది జరిగి పక్షం దాటింది. నిన్న సాయంత్రం నర్సంపేట నుంచి సరోజ వీడియో కాల్ చేసింది. కోడళ్ళు, మనుమలు ఉన్న మనిషి, మాట ఇప్పటికీ ఆగదు, వాళ్ళింట్లో అందరూ జర ఊకో అంటూనే ఉంటారు. ఫోను అన్వి చేతికి పోయింది. పోయిన పన్ను చోటు చూపిస్తూ ఇది, తన చిన్నప్పటి నీలిమందు సంగతి చెబుతూ అది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరి మాట ఎవరూ వినడం లేదు, ఇద్దరికీ ఆ సంగతి పట్టడం లేదు. పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న నా కొడుకు తల బయటపెట్టి, “బాపు, జర దాన్ని సప్పుడు తగ్గియ్యమను” అన్నాడు.

లేచి పోయి, వాడి గది తలుపు మూసి వచ్చాను.